మోగని గంటను నమ్మేదెలా?

తాళం వేసిన ఇల్లు. పెరటి గోడ దూకి వచ్చిన దొంగ చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. తలుపు పక్కగా గోడ మీద పోతున్న సన్నటి జంట తీగ అతని కంట పడింది. పుటుక్కున తెంపేశాడు. ఇప్పుడు లోపలి అలారం ఏం చేయాలి? తెలిసినవాళ్లు కట్టినదైతే తీగ తెగిన క్షణమే మోగుతుంది. తెలియక కట్టినదైతే ఇక ఎన్ని తలుపులు తెరిచినా మోగదు. రెండు చోట్లా సామాను ఒకటే, ఖర్చూ దాదాపు ఒకటే. తేడా అంతా తీగలు కలిపిన తీరులో ఉంది.

ఇంటికి అలారం అనగానే ఎవరైనా ముందు మోత గురించే అడుగుతారు. సైరన్ ఎంత గట్టిది, వీధి చివరిదాకా వినిపిస్తుందా అని. మోగించడం తేలిక. చిక్కంతా మోగకపోవడంతోనే. అలారం ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండాల్సిన వస్తువు. ఆ మౌనానికి రెండు అర్థాలు ఉండొచ్చు: ఇంట్లో అంతా క్షేమమని, లేదా అలారమే ఎప్పుడో చచ్చిపోయిందని. బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. నూట డెబ్బై ఏళ్లుగా ఈ రంగంలో పుట్టిన ఉపాయాల్లో చాలావాటి పని ఆ రెండింటినీ విడదీసి చూపడమే.

తెగితే మోగే తీగ

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం సోమర్‌విల్‌కు చెందిన ఆగస్టస్ రస్సెల్ పోప్ 1853 జూన్ 21న విద్యుత్ అలారానికి పేటెంటు పొందాడు. తలుపులకూ కిటికీలకూ బిగించిన లోహపు ముక్కలు, ఒక బ్యాటరీ, ఒక విద్యుదయస్కాంతం, ఒక గంట అందులోని సరంజామా. తలుపు తెరిస్తే లోహపు ముక్కలు ఒకదానికొకటి తగిలి వలయం పూర్తవుతుంది, విద్యుదయస్కాంతం సుత్తిని ఆడిస్తుంది, గంట మోగుతుంది. ఆ హక్కులను 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి కొన్నాడు. 1859లో న్యూయార్క్ చేరి, ఇళ్లకు అలారాలు బిగించడాన్ని ఒక వ్యాపారంగా నిలబెట్టాడు.

పోప్ అమరికలో ఇల్లు క్షేమంగా ఉన్నంతసేపూ తీగలో కరెంటు పారదు. కాబట్టి తీగను దొంగ తెంపినా, ఎలుక కొరికినా, బ్యాటరీ ఎండిపోయినా గంటకు తెలిసే దారి లేదు. ఈ లోపాన్ని సవరించడానికి ఆ తర్వాతి వాళ్లు మొత్తం అమరికనే తిరగేశారు. ఇవాళ తీగలన్నీ వచ్చి చేరే ఏ మంచి అలారం ప్యానెల్‌లోనైనా ఇల్లు క్షేమంగా ఉన్నప్పుడే తీగలో సన్నటి కరెంటు పారుతూ ఉంటుంది. తలుపు తెరిచినా, తీగ తెగినా, చివరికి స్క్రూ వదులై తీగ ఊడినా ఆ ప్రవాహం ఆగిపోతుంది. ఆగడమే సంకేతం.

దొంగకు ఇంకో దారి ఉంది. తీగను తెంపకుండా, రెండు పోగుల మీదా తొడుగు గీకి ఒకదానికొకటి కలిపేస్తాడు. కరెంటు ఆ అడ్డదారిన తిరిగి ప్యానెల్‌కు చేరుతూనే ఉంటుంది. అటు పక్క తలుపు బార్లా తెరిచినా ప్యానెల్ దృష్టిలో అది మూసే ఉంది. దీనికి విరుగుడు రూపాయో రెండు రూపాయలో పెడితే దొరికే రెసిస్టర్. దాన్ని తీగకు చిట్టచివర, తలుపు దగ్గర, స్విచ్‌తో వరుసగా కలుపుతారు. ఇక ప్యానెల్ చూసేది కరెంటు ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది అని.

ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో సొంతంగా కట్టుకునేవాళ్లకు ఈ లెక్క కళ్లెదుటే కనిపిస్తుంది. బోర్డు దగ్గర 5 వోల్టుల నుంచి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, తీగ చివర అదే విలువది ఇంకొకటి, తలుపు స్విచ్‌కు సమాంతరంగా మూడోది పెట్టారనుకుందాం. తలుపు మూసి ఉంటే కొలత 2.5 వోల్టులు. తెరిస్తే 3.3. తీగ తెగితే 5. రెండు పోగులూ కలిస్తే సున్నా. ఒకే జంట తీగ నాలుగు వేర్వేరు సంగతులు చెబుతుంది. తెగడం, కలవడం, ఈ రెండూ దొంగ పనో, తీగ జబ్బో అయి ఉండాలి. ఏదైనా ఇంటివాళ్లకు తెలియాల్సిందే.

కొత్తగా చేసేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. తలుపు దాకా నిచ్చెన వేసుకుని వెళ్లి టంకం పెట్టడం బద్ధకమై, రెసిస్టర్లను ప్యానెల్ పెట్టెలోనే కనెక్టర్ పక్కన బిగించేస్తారు. కొలతలు చక్కగా వస్తాయి, పరీక్షలోనూ నెగ్గుతాయి. కానీ పెట్టె నుంచి తలుపు దాకా ఉన్న తీగలో పోగులు ఎక్కడ కలిపినా ఆ సంగతి ఇక పట్టుబడదు. రెసిస్టర్ ఖరీదు ఎంత అన్నది కాదు, అది ఎక్కడ ఉందన్నదే దాని విలువ.

గాజు గొట్టంలో రెండు రేకులు

తలుపు మీది స్విచ్ కూడా చూడదగ్గ వస్తువే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో టెలిఫోన్ పనుల కోసం రూపొందించిన రీడ్ స్విచ్ అది. అగ్గిపుల్లంత గాజు గొట్టంలో నికెల్, ఇనుము కలిసిన రెండు పలచటి రేకులు ఎదురెదురుగా, వెంట్రుకవాసి ఎడంతో ఉంటాయి. గొట్టంలో గాలికి బదులు సాధారణంగా నైట్రోజన్ నింపి మూసేస్తారు కాబట్టి తుప్పు పట్టదు, దుమ్ము చేరదు. అయస్కాంతం దగ్గరకొస్తే రేకులు తామే అయస్కాంతాలై ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కుంటాయి. దూరమైతే విడిపోతాయి. స్విచ్ ద్వారబంధం మీద, అయస్కాంతం తలుపు రెక్క మీద ఉంటే చాలు. తలుపు మూసినంతసేపూ వలయం పూర్తయి ఉంటుంది.

రెక్కలో బందులకు దూరంగా ఉన్న అంచు ఎక్కువ కదులుతుంది గనుక అయస్కాంతాన్ని ఆ వైపు బిగించాలి. మామూలు రకాలు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ఎడం వరకూ పనిచేస్తాయి. అయినా బిగించేటప్పుడు సెంటీమీటరు లోపే ఉంచడం మేలు. వానాకాలంలో చెక్క ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోయి తలుపు స్థానం కాస్త కాస్త మారుతుంది. హద్దు మీద నిలబెట్టిన స్విచ్, గాలికి తలుపు కదిలినప్పుడల్లా అర్ధరాత్రి సైరన్ మోగిస్తుంది. ఇనుప తలుపుకైతే మరో చిక్కు ఉంది. అయస్కాంత క్షేత్రాన్ని ఇనుము తనలోకి లాగేసుకుంటుంది. మధ్యలో చెక్క ముక్కో, మందపాటి ప్లాస్టిక్కో పెట్టి ఎత్తు చేయాలి. దుకాణాల రోలింగ్ షట్టర్లకు నేల మీద బిగించే బరువైన రకాలు విడిగా దొరుకుతాయి.

ఒంటి వేడిని చూసే కన్ను

గోడ మూలన పైన ఉండి కదలికను పసిగట్టే తెల్ల డబ్బా పేరు పీఐఆర్. అది ఏమీ ప్రసరించదు, చూస్తుంది అంతే. మనిషి చర్మం దాదాపు 33 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అంత వేడి వస్తువు నుంచి వెలువడే పరారుణ కిరణాలు సుమారు 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర అత్యధికంగా ఉంటాయి. ఆ కిరణాలకు కిటికీ గాజు గోడతో సమానం. అందుకే గది లోపలి పీఐఆర్‌కు మూసిన గాజు అవతల వీధిలో నడిచేవాళ్లు కనిపించరు. డబ్బా ముందు భాగానికి గాజు కాకుండా పలచటి పాలిథిన్ బిళ్ల ఉండటానికీ కారణం ఇదే. ఆ బిళ్ల మీది గీతలు ఉత్త నగిషీ కాదు. ఫ్రాన్స్‌లో 1820ల్లో లైట్‌హౌసుల కోసం ఆగస్టిన్ ఫ్రెనెల్ తీర్చిదిద్దిన కటకం సూత్రమే అక్కడా పనిచేస్తోంది. అది గదిని విసనకర్ర ఆకారంలో చూపు పట్టీలుగా చీలుస్తుంది. ఒక పట్టీలో చూపు ఉంటుంది, పక్క పట్టీలో ఉండదు.

కటకం వెనక ఉండే స్ఫటికం రెండు ముక్కలు. వాటిని ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు, త్రాసులో రెండు తట్టల్లా. పొద్దెక్కి గదంతా వేడెక్కితే రెండు తట్టల మీదా ఒకే బరువు పడుతుంది, ముల్లు కదలదు. మనిషి నడుచుకుంటూ ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి దాటినప్పుడు ముందు ఒకటి, తర్వాత రెండోది ఒరుగుతాయి. ఆ ఊగిసలాటే కదలిక. కాబట్టి డబ్బా వైపు తిన్నగా వచ్చేవాడి కంటే అడ్డంగా పోయేవాడు త్వరగా పట్టుబడతాడు. దొంగ నడిచే దారికి అడ్డంగా చూసేటట్టు, గది మూలన ఏడెనిమిది అడుగుల ఎత్తున బిగించడంలో మర్మం అదే.

పీఐఆర్ పనంతా తేడా మీద ఆధారపడింది. మనిషి ఒంటికీ వెనకనున్న గోడకూ మధ్య వేడిలో తేడా ఉంటేనే అది పసిగట్టగలదు. యూరప్ చలిలో ఆ తేడా పుష్కలంగా ఉంటుంది. పల్నాడులోని రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం తలుపులన్నీ మూసిన ఇంట్లో గోడలు ఒంటి వేడిని అందుకుంటాయి. అప్పుడు సెన్సర్‌కు మనిషి గోడలో కలిసిపోయినట్టే. మంచి రకాల్లో గది వేడిని కొలిచి సున్నితత్వాన్ని తగినట్టు పెంచుకునే ఏర్పాటు ఉంటుంది. ఇంకా మెరుగైనవాటిలో పీఐఆర్ పక్కన చిన్న మైక్రోవేవ్ రాడార్ కూడా ఉంటుంది. 10.5 గిగాహెర్ట్జ్ తరంగాన్ని పంపి, కదిలే ఒంటి నుంచి తిరిగొచ్చిన దాని పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తుంది. సెకనుకు మీటరు వేగంతో నడిచే మనిషి వల్ల వచ్చే మార్పు సుమారు 70 హెర్ట్జ్. అయితే మైక్రోవేవ్‌కు కిటికీ గాజూ ప్లైవుడ్డూ అడ్డు కావు, అవతల నడిచేవాళ్లూ దాని కంట పడతారు. రెండూ ఒకేసారి ఔనంటేనే మోగే అమరికలో తప్పుడు మోతలు తగ్గుతాయి, కానీ ఎండాకాలపు గుడ్డితనం అలాగే ఉంటుంది. వేడి ఊళ్లలో పీఐఆర్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా తలుపు స్విచ్‌లను మొదటి కాపలాగా పెట్టాలని చెప్పేది అందుకే.

హాబీ దుకాణాల్లో దొరికే హెచ్‌సీ-ఎస్ఆర్501 అనే చవక మాడ్యూల్‌తో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. దాని చూపు ఏడు మీటర్ల దాకా ఆనుతుంది. వెనక రెండు చిన్న తిప్పుడు స్క్రూలు ఉంటాయి. ఒకటి సున్నితత్వానికి, ఇంకోటి సంకేతం ఎంతసేపు నిలవాలన్నదానికి. కరెంటు ఇచ్చాక కుదురుకోవడానికి దానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో వచ్చే సంకేతాలను ప్రోగ్రాంలోనే పక్కన పెట్టకపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో దొంగ పడ్డట్టే. తీగ దూరే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేయాలి. చీమలూ సాలెపురుగులూ లోపలికి దూరి స్ఫటికం ముందు పాకితే, అంత దగ్గర నుంచి చీమ కూడా పెద్ద ఆకారమే.

తీగ లేని చోట

గోడలు తొలవడం ఇష్టంలేని అద్దె ఇళ్లవాళ్లకు వైర్‌లెస్ సెన్సర్లు వరమయ్యాయి. చవక రకాల్లో చాలావరకూ 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. తలుపు తెరిచినప్పుడు సెన్సర్ తన నంబరును ఒకసారి గాలిలోకి వదులుతుంది. మిగతా సమయమంతా మౌనం. ఇది పోప్ 1853లో చేసినదే. సెన్సర్ బ్యాటరీ అయిపోయినా, ఎవరైనా ఊడబెరికినా ప్యానెల్‌కు ఆచూకీ ఉండదు. కాస్త ఖరీదైన వాటిలో ప్రతి సెన్సర్ ఇన్ని గంటలకోసారి ‘ఉన్నాను’ అని పలకరిస్తుంది. పలకరింపు రాకపోతే ప్యానెల్ ఫిర్యాదు చేస్తుంది. తీగలో పారే సన్నటి కరెంటు చేసే పనినే ఇక్కడ రేడియోలో ఆ పలకరింపు చేస్తోంది. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రెండో ప్రశ్న, సంకేతం ప్రతిసారీ ఒకేలా ఉంటుందా అన్నది. ఒకేలా ఉంటే ఎవరైనా దాన్ని రికార్డు చేసి తిరిగి వినిపించవచ్చు. అమెరికాలో ఇంటివాళ్లే బిగించుకునే అలారాలను అమ్మే సింప్లీసేఫ్ కంపెనీ విషయంలో 2016లో ఇదే బయటపడింది. ఐఓయాక్టివ్ సంస్థ పరిశోధకుడు ఆండ్రూ జోనెన్‌బర్గ్, కీప్యాడ్ మీద ఇంటివాళ్లు పిన్ నొక్కినప్పుడు వెళ్లే రేడియో సంకేతాన్ని పట్టి, తర్వాత అదే సంకేతాన్ని మళ్లీ పంపి అలారాన్ని ఆపేయవచ్చని చూపించాడు. పిన్ ఎంతో అతనికి తెలియాల్సిన పనే లేదు. అప్పటి పరికరాల్లోని చిప్ ఒక్కసారే ప్రోగ్రాం చేయగలిగిన రకం కావడంతో, అమ్ముడైన వాటిని సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దే వీలు కూడా లేకపోయింది. ప్రతిసారీ కోడ్ మారే రకాలు ఈ ఎత్తుకు లొంగవు.

కరెంటు పోయాక

ప్యానెల్ పెట్టెలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్, నాలుగు పీఐఆర్‌లు, సిమ్ మాడ్యూల్ కలిపి 200 మిల్లీఆంపియర్లు తాగుతాయనుకుంటే కాగితం మీద 35 గంటలు ఆగాలి. నిజంలో అంత రాదు. ఈ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఐదేళ్లు. ఆపైన పెరిగే ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రేకుల కింద అటక మీద పెట్టె పెడితే కళ్లకు కనిపించదు, నిజమే, బ్యాటరీ మాత్రం రెండు వేసవుల్లో ఉడికిపోతుంది. దాన్ని ఎప్పుడూ 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య చార్జింగ్‌లో ఉంచాలి. అంతకు మించితే లోపలి తేమ ఆరిపోతుంది, తగ్గితే పలకల మీద సల్ఫేటు పేరుకుంటుంది. మీటరులో 13 చూపించినంత మాత్రాన బ్యాటరీ బతికున్నట్టు కాదు. చార్జర్ తీసేసి, సైరన్ భారం మోపి కొలిస్తేనే నిజం తేలుతుంది.

ఫోనుకు కబురు పంపే సిమ్ మాడ్యూల్‌తో తంటాలు వేరు. ఇంట్లో కట్టిన అలారాల్లో తరచూ కనిపించే 2జీ మాడ్యూళ్లు సంకేతం పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతాయి, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని కాలం పాటు. సన్నటి తీగలతో, చిన్న అడాప్టర్‌తో నడిపితే ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి మాడ్యూల్ రీసెట్ అవుతుంది. రోజంతా బాగానే ఉండి, కాల్ చేయాల్సినప్పుడే చచ్చే అలారాలకు చాలాసార్లు కారణం ఇది. మాడ్యూల్ పక్కనే వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టడం వాడుకలో ఉన్న మందు. జియో నెట్‌వర్క్‌లో 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ ఇలాంటి మాడ్యూళ్లలో పనికిరాదు. మరే ప్రీపెయిడ్ సిమ్ వేసినా రీచార్జి గడువు దాటితే నోరు మూసుకుంటుంది. రోజూ ఒక వేళకు ‘బాగున్నాను’ అని సందేశం పంపేలా ప్రోగ్రాం రాస్తే ఈ జబ్బులన్నీ ఒకే రోజులో బయటపడతాయి.

మోత విన్నవాళ్లు

మీటరు దూరంలో 110 డెసిబెళ్ల సైరన్, దూరం రెట్టింపైన కొద్దీ 6 డెసిబెళ్లు కోల్పోతుంది. ఆరుబయట 32 మీటర్ల దగ్గర 80 మిగులుతుంది. మూసిన కిటికీ, తిరుగుతున్న ఏసీ వెనక నిద్రపోతున్న పొరుగువాళ్లకు అందులో చేరేది ఇంకా తక్కువ. అయినా సైరన్ వల్ల ప్రయోజనం లేకపోలేదు. అమెరికాలో మూడు రాష్ట్రాల జైళ్లలోని 422 మంది దొంగలను జోసెఫ్ కూన్స్ బృందం ప్రశ్నించినప్పుడు, ఇంట్లో అలారం ఉందో లేదో ముందే చూసుకుంటామని 83 శాతం మంది చెప్పారు. ఉంటే వేరే ఇల్లు వెతుక్కుంటామన్నవాళ్లు 60 శాతం. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది అలారం పరిశ్రమ సంస్థే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మోగాక ఎవరు వస్తారన్నది పాత ప్రశ్న. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో నర్సుగా పనిచేసిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్‌ను ఈ ప్రశ్నే తొలిచింది. వేళకాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి రావడం, పిలిచినా పోలీసులు ఆలస్యంగా రావడం చూసి, ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి సొంత ఏర్పాటు రూపొందించింది. తలుపులో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, లోపల తెర, అవతలివాళ్లతో మాట్లాడే మైకు, సాయం పిలిచే మీట. 1966లో దరఖాస్తు చేసిన ఆ పేటెంటు 1969 డిసెంబర్ 2న వచ్చింది. ముందు కళ్లతో చూసి తర్వాత పిలవడం ఆ ఏర్పాటులోని కీలకం.

అమెరికా పోలీసులకు ఆ కీలకం ఆలస్యంగా అర్థమైంది. అక్కడి న్యాయశాఖ ప్రచురించిన మార్గదర్శిక ప్రకారం పోలీసులకు చేరే అలారం పిలుపుల్లో 94 నుంచి 98 శాతం ఉత్తవే. విసిగిపోయిన సాల్ట్ లేక్ సిటీ 2000 చివర్లో ఒక నిబంధన తెచ్చింది. ఎవరో ఒకరు కళ్లారా చూసి నిర్ధారిస్తేనే పోలీసులు కదులుతారు. అలారాల కోసం పోలీసులు పరుగెత్తడం అక్కడ సుమారు 90 శాతం తగ్గిపోయింది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం తెచ్చిన ఎల్‌హెచ్ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఏర్పాటులోనూ చూపుకే పెద్దపీట. ఊరెళ్లే ఇంటివాళ్లు యాప్‌లో నమోదు చేసుకుని తేదీలు చెబితే, పోలీసులు వచ్చి కదలికను పసిగట్టే కెమెరా అమర్చి వెళతారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు కబురు అందుతుంది.

సొంతంగా కట్టుకున్న అలారం విషయంలో ఆ కంట్రోల్ రూమ్ పని పక్కింటివాళ్లదీ, ఫోను చేతిలో ఉన్న బంధువుదీ. నెలకు రెండు ఉత్త మోతలు మోగిస్తే మూడోసారి ఎవరూ తలుపు తీయరు. అందుకే బయటికి వెళ్లడానికి నిమిషం, లోపలికి వచ్చి పిన్ నొక్కడానికి అర నిమిషం గడువు పెడతారు. సైరన్ ఐదు నిమిషాల తర్వాత తనంతట తాను ఆగేలా చూస్తారు. ఫ్యాన్ గాలికి ఊగే తెర, నేరుగా ఎండ పడే గోడ, పెంపుడు కుక్క తిరిగే దారి పీఐఆర్ చూపులో లేకుండా తప్పిస్తారు.

సంక్రాంతికి హైదరాబాద్ వీధులు సగం ఖాళీ కాకముందు, జనవరి మొదటి వారంలో ఒక పూట అలారాన్ని పరీక్షించడానికి కేటాయించవచ్చు. ప్రతి తలుపూ కిటికీ తెరిచి, ప్యానెల్‌లో ఆ చోటికి పెట్టిన జోన్ పేరే వస్తోందా అని చూడాలి. ప్రతి గదిలో నాలుగడుగులు అడ్డంగా నడవాలి. సైరన్ పెట్టె మూత తీస్తే మోగుతోందో లేదో పరీక్షించాలి. మెయిన్ ఆపేసి రాత్రంతా బ్యాటరీ మీద వదిలి, తెల్లారి సైరన్ మోగించి, అదే సమయంలో వోల్టేజీ కొలవాలి. సిమ్ గడువు తేదీని పండగ సెలవుల చివరి రోజుతో పోల్చాలి. పక్కింటివాళ్లకు ముందే చెప్పి, ఇంటివాళ్ల నంబరు, 112 రెండూ రాసిచ్చి రావాలి. బ్యాటరీ పరీక్షలో తప్పితే కొత్తది వేసి, బిగించిన నెలా సంవత్సరం దాని మీదే మార్కర్‌తో రాయాలి. పాతదాన్ని చెత్తకుండీలో పడేయకూడదు. అందులోని సీసం మళ్లీ కరిగించి వాడతారు, కొత్తది అమ్మిన దుకాణంలోనే దాన్ని తిరిగి తీసుకుంటారు.